కోటేష్ సార్ పెండ్లి సామాను

ఇవ్వడం మనిషికి పుట్టుకతో రాదనీ, దానికి ఒక ఆప్ కావాలనీ, ఆ ఆప్‌కు ఒక ఓటీపీ కావాలనీ బాలదాన వికాస మండలి మూడేళ్ళ పరిశోధన తర్వాత తేల్చింది. (పరిశోధనకు మూడేళ్ళు ఎందుకు పట్టిందంటే, మొదటి రెండేళ్ళు ఓటీపీ రాలేదు.) చిన్నప్పుడు దానం చేయని పిల్లలు పెద్దయ్యాక ఏమైపోతారో చూపిస్తూ మండలి ఒక గ్రాఫు కూడా విడుదల చేసింది. అందులో గీత కిందికి పోతోంది. గీత కిందికి పోతుంటే చూస్తూ ఊరుకునే అధికారి ఇంకా పుట్టలేదు కనుక, ప్రతి బడిలో ప్రతి బిడ్డా తన ఇంట్లో వాడుకునే వస్తువు ఒకటి తన చేతులతో దానం చేసే 'చిట్టి చేతుల దాన వారోత్సవం' మొదలైపోయింది.

ఆ వారోత్సవం ములకలపల్లి దాటి, తారు రోడ్డు దాటి, మట్టి రోడ్డు కూడా ఇక నావల్ల కాదని చేతులెత్తేసే చోటు దాటి, అడవి అంచున ఊటలగుంపు అనే కోయ గూడేనికి చేరింది. నలభై ఇళ్ళు, ఒక బడి, బడికి పదిహేడు మంది పిల్లలు, ఆ పిల్లలందరికీ ఒక్కడే సారు. పేరు కోటేష్. ఖమ్మం దగ్గర తండా నుంచి ఉద్యోగం మీద వచ్చి రెండేళ్ళయింది. బుద్ధిమంతుడు. పిల్లల్ని కొట్టడు, బడి ఎగ్గొట్టడు, పైనుంచి ఏ కాగితం వచ్చినా కళ్ళకద్దుకుని సంతకం పెడతాడు. ఊరికి ఆయన మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ముప్ఫై ఒకటి నిండినా ఇంకా పెళ్ళి కాలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే నాగక్క అయితే ఆయనకు పప్పు వడ్డించిన ప్రతిసారీ నిట్టూర్చేది.

సోమవారం పొద్దున్నే కోటేష్ నీళ్ళ ట్యాంకు మెట్ల మీద ఉండగా మండల దాన సమన్వయాధికారి వెంకటప్పయ్య ఫోన్ చేశాడు.

"కోటేషూ, నీ బడి ఎర్రగుందయ్యా."

"ఏం ఎరుపు సార్? మొన్ననే సున్నం గొట్టిచ్చినం గదా."

"ఆప్‌ల ఎరుపయ్యా! సున్నా దానమంటే ఎరుపు. నాకు శుక్రవారం కల్లా పచ్చగ గావాలె. లేకుంటే ఎండాకాలం సెలవులల్ల ఇరవై ఒక్క రోజుల దానప్రేరణ శిక్షణకు పోతవ్."

(ఆ శిక్షణలో సార్లందరూ ఒకే పెన్నును ఒకరికొకరు ఇరవై ఒక్క రోజులు దానం చేసుకుంటారు. పోయినేడు వెళ్ళివచ్చిన ఒకాయన, ఇప్పటికీ ఎవరు చెయ్యి చాపినా జేబులో పెన్ను తీసి ఇచ్చేస్తున్నాడట. శిక్షణ విజయవంతమైందని మండలి ప్రకటించింది.)

నిబంధనలు పదకొండు పేజీలు ఉన్నాయి. ప్రార్థన అయ్యాక వాటిని పిల్లలకు చదివి వినిపించాలన్నది మొదటి నిబంధన. కోటేష్ చదవడానికే నిలబడ్డాడు. కానీ రెండో వాక్యంలోనే 'స్వచ్ఛంద గృహోపకరణ సమర్పణ' అనే మాట వచ్చింది. ఒకటో తరగతి పిల్లలు అది విని బిత్తరపోయారు. ఒకడు ఏడుపు కూడా మొదలుపెట్టాడు. దాంతో ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, సారాంశం చెప్పేశాడు.

"పిల్లలూ, సార్‌కు సామాను గావాలె. ఇంటికొకటి తేవాలె. శుక్రవారం లోపల."

అంతే. చెప్పింది మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలూ మధ్యాహ్నానికల్లా నలభై ఇళ్ళూ తిరిగాయి.

ఇక్కడ ఊటలగుంపు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో సామాను ఒక ఇంట్లో కుదురుగా ఉండదు. నిచ్చెన ఎవరిదంటే, నిన్న ఎవరి పైకప్పు కారిందో వాళ్ళది. రెండు వందల మందికి అన్నం ఉడికే పెద్ద గుండిగ ఊరంతటికీ ఒక్కటే. ఎవరింట్లో కార్యమైతే ఆ ఇంటికి పోతుంది, కార్యం కాగానే తోముకుని తిరిగొస్తుంది. సామాను కావాలని అడిగితే ఇవ్వాలి. ఎందుకని అడగకూడదు. ఎందుకని అడగడమంటే కార్యం చేసుకునేవాణ్ణి గడప బయట నిలబెట్టినంత తప్పు. మరి ఒక ముప్ఫై ఒక్కేళ్ళ బ్రహ్మచారి ఇంటికొక సామాను కావాలని కబురు పెడితే, ఆ ఇంట్లో కార్యం ఏమిటో ఊహించడానికి పదకొండు పేజీలు అక్కర్లేదు కదా!

"సార్‌కు పెండ్లట!" అని ఊరు ఊరంతా గుప్పుమంది. నాగక్క అయితే చేతిలో గరిటె అలాగే పట్టుకుని నాలుగిళ్ళు తిరిగొచ్చింది.

మంగళవారం పొద్దున బడి ముందు నిలబడి కోటేష్ కళ్ళు నులుముకున్నాడు. పదిహేడు మంది పిల్లలు, నలభై మూడు సామాన్లు. నులక మంచాలు తొమ్మిది. రోలు ఒకటి, రోకళ్ళు మూడు. చాపలు, చేటలు, గొడుగులు, నీళ్ళ డ్రమ్ములు, ఊరి నిచ్చెన. ఒక బుడ్డోడు గంప తెచ్చాడు, గంపలో కోడి ఉంది. కోడి ఎందుకురా అంటే, అది గంపలోంచి దిగనన్నదని చెప్పాడు. (ఆప్‌లో కోడికి గడి లేదు. 'ఇతర వంటింటి పరికరాలు' కింద నమోదు చేయాల్సి వచ్చింది. బుధవారం నాటికి అది గుడ్డు పెట్టింది. దానం దానంతటదే పెరిగిన సందర్భం జిల్లాలో ఇదే మొదటిది.) అన్నిటికంటే వెనక, నాగక్క కూతురు శ్యామల మరో నలుగురు పిల్లల్ని కూడగట్టి, ఆ పెద్ద గుండిగను డబడబా దొర్లించుకుంటూ వచ్చింది.

"గింత పెద్దది ఎందుకే?" అన్నాడు కోటేష్.

"సరిపోదా సార్? మీ తండాల మంది ఎక్కువనా?" అంది శ్యామల.

కోటేష్‌కు అర్థం కాలేదు. పిల్లల్లో ఇంత దానగుణం ఉందా అని ఆయన గుండె నిండిపోయి, అర్థం చేసుకునే తీరిక కూడా లేకపోయింది.

ఇక ఆప్. ఆ ఊళ్ళో సిగ్నల్ నీళ్ళ ట్యాంకు మెట్ల మీద మాత్రమే దొరుకుతుంది కనుక పిల్లల్ని ఒక్కొక్కరినీ మెట్లెక్కించి, వస్తువుతో సహా ఫొటో తీయాలి. రోలును ట్యాంకు మెట్లెక్కించడం ఎలాగో నిబంధనల్లో రాసి లేదు. ఫొటోలో బిడ్డ ముఖాన దానసంతోషం ఎనభై శాతం ఉంటేనే ఆప్ స్వీకరిస్తుంది. మైదాన ప్రాంతాల బడుల్లో సార్లు చాక్లెట్లు చూపించి, కితకితలు పెట్టి, అరవై దాటించలేక చస్తున్నారు. ఊటలగుంపు పిల్లలకు మాత్రం సార్ పెళ్ళి, పెళ్ళిలో కూర, కూరలో ముక్కలు కళ్ళ ముందు ఆడుతున్నాయి. శ్యామల నవ్వుకు ఆప్ నూట నాలుగు శాతం చూపించి, "ఈ సంతోషం నమ్మశక్యంగా లేదు, మళ్ళీ ప్రయత్నించండి" అని ఎర్రగా మెరిసింది.

"జర తక్కువ నవ్వే తల్లీ," అని కోటేష్ బతిమాలాడు.

"అయితలేదు సార్," అని శ్యామల ఇంకా నవ్వింది.

ఫొటోతో పాటు బిడ్డ తన అనుభూతిని సొంత మాటల్లో రాయాలి. శ్యామల రాసింది: 'ఈ గుండిగ మాది కాదు. ఎవరిదో మాకు తెల్వదు. ఇచ్చినందుకు చాల సంతోషం. కూరలు ఎన్ని రకాలు?' మండలి వారు ఆ చివరి వాక్యాన్ని లోతైన ప్రశ్నగా గుర్తించి తమ పత్రికలో అచ్చు వేశారు.

బుధవారం మధ్యాహ్నం నాగక్క పప్పు వడ్డిస్తూ నిట్టూర్చలేదు. ఇంకో గరిటె వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"పిల్ల ఏ తండా సార్?"

"ఏ పిల్ల అక్కా?"

"సిగ్గెందుకు సార్? ఊరందరికీ ఎరుకనే. పెండ్లి లేకుంటే సామాను ఎవలు అడుగుతరు?"

కోటేష్ కలుపుతున్న ముద్దను కంచంలోనే వదిలేశాడు. మూడు ముక్కల్లో తాను ఏం చెప్పాడో, నలభై మూడు సామాన్లు ఎందుకొచ్చాయో, నూట నాలుగు శాతం నవ్వు ఎక్కడిదో, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. కానీ అతని ఖర్మ, సరిగ్గా అప్పుడే అర నిమిషం పాటు సిగ్నల్ బడిదాకా వచ్చి వెంకటప్పయ్య ఫోన్ మోగింది.

"కోటేషూ! నువ్వు బంగారమయ్యా! రెండు వందల యాభై రెండు శాతం! జిల్లా ఫస్టు! మండలి పెద్దసారు నీ పేరు రెండుసార్లు పలికిండు!"

మనిషి పేరును పెద్దసారు రెండుసార్లు పలికినప్పుడు ఆ మనిషి నాలుక ఒక్కసారి మడత పడితే తప్పు పట్టలేం. కోటేష్ ఫోన్ పెట్టేసి, నాగక్క ముఖం చూడకుండా, "ఇంకా ముహూర్తం ఖాయం గాలే అక్కా," అన్నాడు. శుక్రవారం ఫొటో అయిపోతే శనివారం ఎవరి సామాను వాళ్ళకు ఇచ్చేస్తాను, ఎవరికి నష్టం అనుకున్నాడు. పదకొండు పేజీల్లో తొమ్మిదో పేజీ చదివి ఉంటే అలా అనుకునేవాడు కాదు.

తొమ్మిదో పేజీ శుక్రవారం సాయంత్రం లారీ రూపంలో వచ్చింది.

దానం చేసిన సామాను మండలికి పోవాలి, దాన్ని పిల్లలే స్వహస్తాలతో లారీ ఎక్కించాలి అన్నది ఆ పేజీలోని నిబంధన. ఊరు ఊరుకుంటుందా? సార్ పెండ్లి సామాను తండాకు పోతుంటే చేతులు కట్టుకుని చూస్తారా? మగవాళ్ళు మంచాలెక్కించారు, ఆడవాళ్ళు చాపలు చుట్టి ఇచ్చారు. గూడెం పెద్ద పగిడయ్య డెబ్బై ఏళ్ళ వయసులో తానే లారీ ఎక్కి, గుండిగకు సొట్ట పడకుండా చుట్టూ గడ్డి కూరి, తాడుతో బిగించాడు.

"పదిలంగ తీస్కపో డ్రైవరూ. వచ్చే ఆదివారం మా మనుమడు రాంబాబు పెండ్లి ఉంది. పర్ణశాల కాడి పిల్ల. చుట్టాలు రెండు వందల మంది వస్తరు. గంతల్ల గుండిగ తేవాలె."

"నాకేం తెల్వది పెద్దయ్యా. నేను కిరాయికొచ్చిన," అన్నాడు డ్రైవరు.

కోటేష్ ఆ మాటలు విన్నాడు. లారీ సారపాక కాగితం మిల్లు దిక్కుగా వెళ్ళే వెదురు లారీల వెనక కలిసిపోయేదాకా చెయ్యి ఊపుతూనే నిలబడ్డాడు. లారీ కనుమరుగయ్యాక కూడా ఆయన చెయ్యి దించడం ఎందుకు మరిచిపోయాడో ఊరికి తెలుసు. పెళ్ళికొడుకుకు ఆ మాత్రం కంగారు ఉంటుంది మరి.

సోమవారం ఉదయం కోటేష్ వెంకటప్పయ్య ఆఫీసుకు పరుగెత్తాడు. ఆఫీసు వరండాలో అడుగుపెట్టగానే పెద్ద గుండిగ ఎదురైంది. నిండా మట్టి, మట్టిలో ఒక క్రోటన్ మొక్క, మొక్కకు రిబ్బను.

"సార్, అది మా ఊరి బువ్వ గుండిగ! ఆదివారం పెండ్లున్నది. వాపసు ఇయ్యున్రి సార్, మీ కాళ్ళు మొక్కుత."

"ఇచ్చింది వాపసు తీసుకుంటే పిల్లలల్ల ఏం సంస్కారం మిగులుతదయ్యా?" అన్నాడు వెంకటప్పయ్య బాధగా. అయినా దయగలవాడు కనుక దాన విరమణ పత్రం తీసి చూపించాడు. దాని ప్రకారం, ఇచ్చిన బిడ్డే అదే చోట నిలబడి, ముఖాన పశ్చాత్తాపం ఎనభై శాతానికి తగ్గకుండా ఫొటో దిగాలి.

"మా శ్యామల ఏడ్వది సార్. ఏడ్వమన్నా నవ్వుతది."

"అదీగాక, ఆ మొక్క పెద్దసారు నాటింది. మొక్క పీకాల్నంటే అది మా ఆప్ కాదు, వేరే ఆప్."

కోటేష్ కుర్చీలో కూలబడ్డాడు. అతని ముఖం చూసి వెంకటప్పయ్య మనసు కరిగింది. కంప్యూటర్ ముందుకు జరిగి, దానం అందుకోవలసిన నిరుపేద ఊళ్ళ జాబితా తెరిచాడు. అదే ఉదయం చేసిన సర్వే. ఏ ఊళ్ళో మంచాలు లేవు, రోలు లేదు, నిచ్చెన లేదు, వంట గుండిగ లేదు అని చూస్తే, జిల్లా మొత్తంలో మొదటి స్థానం ఊటలగుంపుది.

"అరె! దానంల ఫస్టు మీరే, లేమిల ఫస్టు మీరే!" వెంకటప్పయ్య లేచి నిలబడి కోటేష్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఒక్క వారంల రెండు ఫస్టులు! నా సర్వీసుల చూడలే!"

"అయితే మా సామాను మాకే వస్తదా సార్?"

"ఎట్ల వస్తది? దాత తన వస్తువు తానే పొందరాదు. పదో పేజీ. మీ మంచాలు మా గెస్ట్‌హౌస్‌కు పోయినయ్, అక్కడ పల్లె వాతావరణం గావాల్నట. మీకు పట్నం పిల్లల దానం వస్తది. మంచి మంచి సామాన్లయ్యా, చూస్తవ్ గదా."

చూశాడు. గురువారం లారీ వచ్చి దించిపోయింది. క్రికెట్ కప్పులు ఇరవై ఆరు, ఆగిపోయిన గోడ గడియారాలు ఎనిమిది, బెల్టు లేని ట్రెడ్‌మిల్లు ఒకటి, చేపలు లేని చేపల తొట్టి, కేకు గిన్నెలు, ఎడమ కాలి బూట్లు పద్నాలుగు. (వాడుతున్న వస్తువే ఇవ్వాలన్న నిబంధనకు పట్టణ ప్రాంతాల్లో సడలింపు ఉంది. అక్కడి పిల్లలు సున్నిత మనస్కులని మండలి గుర్తించింది.)

ఊరంతా చుట్టూ చేరి ఆ సామాన్ల వంక చూసింది. కోటేష్ బడి లోపల తలుపు చాటున నిలబడ్డాడు. ఇప్పుడు తిడతారు, తిట్టాలి కూడా, తిడితే పీడా పోతుంది అనుకున్నాడు.

"పెండ్లికొచ్చిన చదివింపులు మనకు పంచిండే సార్!" అంది నాగక్క. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత మంచి మనిషి!"

ఆ మాటతో కోటేష్‌కు అన్నం సయించడం మానేసింది. శుక్రవారం సాయంత్రం బడి కాగానే పగిడయ్య వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. పందిరి వేస్తున్నారు. పెళ్ళికొడుకు రాంబాబు గుంజలు పాతుతున్నాడు. నాగక్క, శ్యామల ఆకులు కుడుతున్నారు. కోటేష్ ఏ ముందుమాటా లేకుండా చెప్పేశాడు. పెళ్ళి లేదు. పిల్ల లేదు. సామాను అడిగింది పైవాళ్ళ కోసం. అది తిరిగి రాదు. తప్పంతా తనది, తెలిసి కూడా నోరు మూసుకున్నాడు.

అందరికంటే ముందు నాగక్కే తేరుకుంది.

"అయితే పిల్ల లేనే లేదా సార్?"

"లేదక్కా."

"అయ్యో," అని ఆమె కుట్టే ఆకు కింద పెట్టేసింది. తొమ్మిది మంచాలు పోయినప్పుడు కూడా అంత బాధపడలేదామె.

పగిడయ్య చుట్ట తీసి పక్కన పెట్టాడు. "ఆఫీసోళ్ళ ఇంట్ల ఏం కార్యం సార్?"

"ఏం కార్యం లేదు పెద్దయ్యా."

"కార్యం లేంది గంత గుండిగ ఎందుకు?"

"మొక్క వెట్టిండ్రు."

పగిడయ్య దాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాడు. రెండు వందల మంది బువ్వ ఉడికే గుండిగలో మట్టి పోసి మొక్క పెట్టేవాడికి ఎంత కష్టమొచ్చి ఉంటుందో ఆలోచించినట్టున్నాడు.

"మట్టికుండ గూడ లేదేమో పాపం," అన్నాడు చివరికి. "ఉండనియ్యి సార్. అడిగినోళ్ళకు లేదంటమా? నువ్వు పెండ్లి లేదన్నా ఇస్తుంటిమి. నోరు మూసుకున్నవ్ సూడు, గదే మంచిగ లేదు."

కోటేష్ ఏడ్చేశాడు. అప్పుడు కనక ఆప్ ఉండి ఉంటే పశ్చాత్తాపం వంద దాటేది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి చాలా మామూలుగా ఉంటుంది. శ్యామల వాగు దాటి పక్క గూడేనికి పోయి, "మా పగిడయ్య తాత సామాను తెమ్మన్నడు," అని చెప్పింది. శనివారం పొద్దెక్కేసరికి ట్రాక్టరు మీద ఇంకో పెద్ద గుండిగ, ఆరు మంచాలు, నిచ్చెన వచ్చాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. ఫొటో దిగమని కూడా ఎవరూ అనలేదు.

ఆదివారం పెళ్ళి ధూంధాంగా జరిగింది. పర్ణశాల నుంచి వచ్చిన చుట్టాలు ఇరవై ఆరు క్రికెట్ కప్పుల్లో జీలుగు కల్లు తాగి, ఇంత మర్యాద ఏ పెళ్ళిలోనూ చూడలేదని మెచ్చుకున్నారు. చేపల తొట్టిలో మజ్జిగ పోశారు. ట్రెడ్‌మిల్లు మీద పెళ్ళికూతురి మేనమామను కూర్చోబెట్టారు. కోటేష్ చొక్కా చేతులు పైకి మడిచి పొద్దుటి నుంచీ అన్నం వార్చాడు. నాగక్క వచ్చిన చుట్టాల్లో ప్రతి ఒక్కరినీ పట్టుకుని, మా సార్‌కు ఈడైన పిల్ల మీ ఊరి దగ్గరి తండాల్లో ఎక్కడైనా ఉందా అని ఆరా తీసింది. ఇద్దరు ముగ్గురు ఉన్నారనే చెప్పారు.

డోలు మంచి ఊపు మీదుండగా వెంకటప్పయ్య పంపిన కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. వారోత్సవం చివరి ప్రశ్న ఒకటి పూర్తి కాలేదనీ, సాయంత్రం లోపల పూర్తి చేయకపోతే రెండు ఫస్టులూ పోయి బడి మళ్ళీ ఎర్రబడుతుందనీ చెప్పి, వచ్చినవాడు ఎలాగూ వచ్చాడు కనుక భోజనానికి కూర్చున్నాడు.

కోటేష్ చెయ్యి కడుక్కుని ట్యాంకు మెట్లెక్కి ఆప్ తెరిచాడు. ప్రశ్న ఇది: 'ఈ వారోత్సవానికి పూర్వం మీ గ్రామంలో ఇచ్చే అలవాటు ఉండేదా?' కింద రెండు గళ్ళు ఉన్నాయి. ఒకటి 'లేదు'. రెండోది 'అసలే లేదు'.

కోటేష్ చాలాసేపు ఆలోచించి 'లేదు' అన్నదాన్నే నొక్కాడు. రెండేళ్ళు ఆ ఊరి అన్నం తిన్నవాడు, ఆ మాత్రం పరువైనా నిలబెట్టకపోతే ఎలా?